దండోరా నుంచి డిజిటల్ మిక్సర్ దాకా (మన చప్పుడు చరిత్ర – 9వ భాగం)



పోయిన భాగంలో డప్పు మీద తోలు పోయి ఫైబర్ ఎట్లా వచ్చిందో మాట్లాడుకున్నాం. ఈసారి దానికంటే పెద్ద గొడవ. మన పాట బృందాలు చాలావాటిలో ఇప్పుడు నడుస్తున్న గొడవే. కుర్రాళ్లు డిజిటల్ మిక్సర్ కొందామంటున్నారు. స్టేజీ మీద చప్పుడు తగ్గిద్దాం, పాడేవాళ్లు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుందాం, డప్పుల్ని ఒక పక్కకి నిలబెడదాం అంటున్నారు. పెద్దవాళ్లకి మండుతోంది. "ఇన్నేళ్లూ వాళ్లు మన డప్పుని ఊరి బయట పెట్టారు, ఇప్పుడు మీరు స్టేజీ పక్కకి నెడతారా? డప్పు గొంతు తగ్గించేదేంది?" అని అడుగుతున్నారు.

ఆ కోపం నాకు అర్థమవుద్ది. ఆ కోపానికి చరిత్ర ఉంది. కానీ నేను ఈ విషయంలో కుర్రాళ్ల వైపు. ఎందుకో చెప్పాలంటే మళ్లీ దండోరా దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

మైకు పుట్టకముందు మన ఊళ్లకి మైకు ఎవరు? మాదిగాయన. పన్ను కట్టే గడువైనా, చెరువు తెగినా, జాతర తేదీ అయినా, దొర హుకుం అయినా డప్పు కొట్టి, వీధి వీధికీ ఆగి, గొంతెత్తి చెప్పాలి. అదే చాటింపు, అదే దండోరా. కూలి లేదు, వెట్టి. ఇందులో ఒక్క సంగతి గమనించండి. చప్పుడు మనది, మాట వాళ్లది. మన చేతులు, మన గొంతు, మన డప్పు. చెప్పే విషయంలో మాత్రం ఒక్క ముక్క మనది కాదు. ఆఖరికి ఆ మాట మన వాడకి చేరేది కూడా అన్ని వీధులూ అయ్యాకే. ఊరి చివర ఉన్నవాడికి చప్పుడు ఎప్పుడూ ఆలస్యంగానే అందింది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి మొదలైనప్పుడు ఆ ఉద్యమానికి దండోరా అనే పేరు ఊరికే నిలవలేదు. ఎవరి మాటకో కొట్టిన డప్పుని మొదటిసారి మన మాటకి కొట్టుకున్నాం. చప్పుడూ మనదే, మాటా మనదే. నా దృష్టిలో మన సౌండ్ చరిత్రలో అంతకంటే పెద్ద మలుపు లేదు.

ఇప్పుడు లౌడ్‌స్పీకర్ కథ. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం నాపా అనే ఊళ్లో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధమ్ అనే ఇద్దరు 1915లో ఒక పరికరం చేశారు. పేరు మ్యాగ్నవాక్స్, అంటే పెద్ద గొంతు. ఆ ఏడు క్రిస్మస్ ముందు రోజు సాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలు ముందు జనానికి దాన్ని వినిపించారు. 1919లో వాళ్ల అధ్యక్షుడు వుడ్రో విల్సన్ సాన్‌డియాగో స్టేడియంలో ఆ పరికరంతోనే వేలాది మందికి మాట్లాడాడు. ఇక్కడ 1920 జనవరి 31న బాబాసాహెబ్ మూక్ నాయక్ పత్రిక మొదలుపెట్టారు. నోరు లేనివాళ్ల నాయకుడు అని దానర్థం. ఒక దేశంలో ఒక్క మనిషి గొంతుని వేలమందికి వినిపించే యంత్రం వస్తోంది. మన దేశంలో కోట్లమందికి అసలు గొంతే లేదని ఒకాయన పత్రిక పెట్టాల్సి వస్తోంది. ఈ రెండూ నాలుగైదేళ్ల తేడాలో జరిగాయి.

తర్వాత గొట్టం మైకులు మన ఊళ్లకి వచ్చాయి. తాటిచెట్టుకో, వేపచెట్టుకో కట్టిన హారన్లు. వాటికి లోతు శబ్దం రాదు, మనిషి మాట మాత్రం కోసినట్టు వెళ్లుద్ది. అంటే అవి ఉపన్యాసం కోసం పుట్టినవి, డప్పు కోసం కాదు. మన మీటింగుల్లో డప్పు ఆ గొట్టంలో నుంచి వచ్చేటప్పటికి రేకు డబ్బా కొట్టినట్టు ఉండేది. దాంతో ఒక అలవాటు స్థిరపడిపోయింది. పాడేవాళ్లకి ఒకటో రెండో మైకులు, డప్పుకి మైకు లేదు. "అది ఎట్లాగూ మోగుద్ది కదా" అన్నారు.

ఈ మాట నేను మొన్న మొన్నటిదాకా విన్నాను. కొన్నేళ్ల కింద ఒక పట్టణంలో ఒక ఆడిటోరియంలో మా కార్యక్రమం. మాకంటే ముందు ఒక శాస్త్రీయ కచేరీ. మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు, వయొలిన్‌కి ఒకటి, తంబురాకి కూడా ఒకటి. మా వంతు రాగానే అక్కడి సౌండు మనిషి మైకులన్నీ తీసేసి రెండే ఉంచాడు. డప్పుకి మైకు అడిగితే "దానికి మైకెందుకండీ, అదే పెద్ద మైకు" అన్నాడు. ఆరు డప్పులు మోగాయి. మా చెల్లెమ్మ పాట ఆ చప్పుడు మీదుగా వినపడాలని అరిచి పాడింది, మూడో పాటకి గొంతు పోయింది. ఆఖర్న హాలు వాళ్లే వచ్చి "మీవాళ్లకి గోల తప్ప సంగీతం తెలీదు" అన్నట్టు మాట్లాడారు.

ఇక్కడ కులం ఉంది, సందేహం లేదు. మృదంగం వాయిద్యం, డప్పు చప్పుడు అనే లెక్క అది. కానీ కులంతో పాటు అక్కడ కొంచెం ఫిజిక్సు కూడా ఉంది. అది మనం నేర్చుకోకపోతే ప్రతి హాల్లోనూ ఇదే జరుగుద్ది.

ఆరుబయట చప్పుడు ప్రయాణం లెక్క ఇది. దూరం రెట్టింపైన ప్రతిసారీ చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుద్ది. స్టేజీ నుంచి 2 మీటర్ల దగ్గర విన్నదానికి, 64 మీటర్ల దగ్గర విన్నదానికి తేడా 30 డెసిబెల్స్. అంటే ఆఖరి వరుసకి 70 డెసిబెల్స్ చేరాలంటే స్టేజీ ముందు 100 ఉండాలి. అమెరికాలో పని స్థలాల ఆరోగ్యం చూసే సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు వినొచ్చు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమైపోవాలి. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో సభలు, కచేరీలకి పెట్టిన ప్రమాణం 15 నిమిషాల సగటు మీద 100 డెసిబెల్స్ దాటకూడదని. మన బృందాలు రాత్రంతా వాయిస్తాయి. డప్పు ఛాతీ మీద ఉంటది, చెవికి మూరెడు దూరం. 40 ఏళ్లు డప్పు కొట్టిన మా పెద్దాయన ఒకాయన ఇప్పుడు చెవిలో నిద్రపోయేటప్పుడు కూడా ఈల ఆగడం లేదంటాడు. ఆయన చెవికి ఎవరూ పరిహారం ఇవ్వరు. కాబట్టి స్టేజీ చప్పుడు సంగతి మనకి వైభోగం కాదు, ఒళ్లు కాపాడుకునే సంగతి.

ఈ సమస్య మనకొక్కళ్లకే వచ్చింది కాదు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షియా స్టేడియంలో బీటిల్స్ కచేరీకి 55 వేలమందికి పైగా వచ్చారు. గిటార్లకి ఒక్కొక్కటి 100 వాట్ల యాంప్లిఫయర్లు, గొంతులు మాత్రం స్టేడియంలో ప్రకటనలు చేసే స్పీకర్లలో. జనం అరుపులకి పాడేవాళ్లకి తమ పాట తమకే వినపడలేదు. డ్రమ్ముల మీద ఉన్న రింగో స్టార్ ముందున్న వాళ్ల ఒళ్లు కదలడం చూసి పాట ఎక్కడుందో తెలుసుకున్నానని తర్వాత చెప్పాడు. మరుసటి ఏడాది ఆగస్టుతో వాళ్లు కచేరీ యాత్రలే మానేశారు. ప్రపంచంలో అందరికంటే డబ్బున్న బృందం పరిస్థితి అది.

దానికి రెండు జవాబులు వచ్చాయి. రెండూ మనం తెలుసుకోవాల్సినవే.

ఒక జవాబు, చప్పుడు పెంచడం. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం వాల్ ఆఫ్ సౌండ్ అని పెద్ద గోడ కట్టింది. దాదాపు 600 స్పీకర్లు, 26 వేల వాట్ల పైన శక్తి. గోడ మొత్తం బృందం వెనకే. వాళ్లు విన్నదే జనం వింటారు. మరి వెనక స్పీకర్లుంటే మైకు కూయదా అంటారు. గాయకుడికి రెండేసి మైకులు పెట్టి ఒకదానికొకటి ఎదురుగా కలిపారు. వెనక నుంచి రెండింట్లోకీ సమానంగా వచ్చే చప్పుడు చచ్చిపోద్ది, ఒక్కదాన్లోకి పాడే గొంతు మిగుల్తది. తెలివైన పని. కానీ దాన్ని మోయడానికి లారీలు, కట్టడానికి మనుషులు, ఖర్చు. ఆ ఏడు అక్టోబరుకల్లా దాన్ని పక్కన పెట్టేశారు. చప్పుడుని చప్పుడుతో గెలవడం డబ్బున్నవాళ్లకే మోయలేని బరువైంది.

రెండో జవాబు, చప్పుడుని దూరానికి పంచడం. 1973 జూలై 28న న్యూయార్క్ రాష్ట్రంలో వాట్కిన్స్ గ్లెన్ దగ్గర ఒక కచేరీకి సుమారు 6 లక్షల మంది వచ్చారు. స్టేజీ స్పీకర్లతో అంతమందికి అందదు. అందుకని జనం మధ్యలో దూరదూరంగా టవర్లు కట్టి వాటి మీద స్పీకర్లు పెట్టారు. అట్లా పెడితే ఇంకో చిక్కు. కరెంటు తీగలో సంగీతం క్షణంలో టవర్‌కి చేరుద్ది, గాలిలో చప్పుడు సెకనుకి 343 మీటర్లే నడుస్తది. 100 మీటర్ల దూరంలో ఉన్నవాడికి టవర్ మాట ముందు, స్టేజీ మాట దాదాపు 0.3 సెకన్ల తర్వాత వినపడ్తది. మన సభల్లో రోడ్డు పొడుగూతా గొట్టాలు కట్టినప్పుడు "జై భీమ్" అంటే "భీమ్ భీమ్ భీమ్" అని వచ్చేది అందుకే. వాట్కిన్స్ గ్లెన్‌లో ఈవెంటైడ్ అనే కంపెనీ తయారుచేసిన డిజిటల్ డిలే వాడారు. చప్పుడుని అంకెలుగా మార్చి, టవర్ దూరానికి సరిపడా ఆపి, అప్పుడు వదులుతుంది.

ఇది నాకు చాలా ఇష్టమైన చరిత్ర. పెద్ద సభల సౌండులోకి డిజిటల్ పరికరం మొదట్లో వచ్చింది ముందు వరుస కోసం కాదు, చివరి వరుస కోసం. చివర్లో నిలబడ్డవాడికి కూడా మాట చెదరకుండా అందాలని. ఊరి చివర నుంచి వచ్చిన మనకి ఇంతకంటే దగ్గరి యంత్రం ఏముంటది?

ఇంకో సంగతి. ఆఖరి వరుసకి వేరే స్పీకరు ఉంటే స్టేజీ మీద చప్పుడు 100 ఉండాల్సిన పని లేదు. స్టేజీ చప్పుడు వేరు, సభ చప్పుడు వేరు. మన పెద్దలు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే గొడవ. స్టేజీ చప్పుడు తగ్గితే డప్పు గొంతు తగ్గదు. స్టేజీ నిదానంగా ఉంటేనే డప్పు చివరిదాకా వెళ్లుద్ది. ఎట్లాగో చెప్తాను.

మనం మామూలుగా పాడేవాళ్లని ముందు, డప్పుల్ని సరిగ్గా వాళ్ల వెనక నిలబెడతాం. మైకు ముఖం ఎటు ఉంది? పాడేమనిషి వైపు. అంటే ఆమె వెనకున్న డప్పుల వైపు కూడా. ఆ మైకు ఆమె గొంతుతో సమానంగా డప్పుల్ని తాగుతుంది. గొంతు పెంచుదామని ఆ మైకు పెంచితే డప్పు కూడా పెరుగుద్ది. ఇంకొంచెం పెంచితే కూత మొదలు. మనం వాడే మామూలు పాట మైకు పక్క నుంచి వచ్చే చప్పుడుని సగానికి, అంటే 6 డెసిబెల్స్ తగ్గించి తీసుకుంటది, వెనక నుంచి వచ్చేదాన్ని దాదాపు తీసుకోదు. కాబట్టి డప్పుల్ని రెండు పక్కలకి నెలవంకలాగా నిలబెడితే చాలు, పైసా ఖర్చు లేకుండా గొంతు తేటపడుద్ది. పక్కకి నిలబెట్టడం అవమానం కాదు. అక్కడ నిలబడితే జనానికి మొహం కనపడ్తది, అడుగు కనపడ్తది, ముందున్నవాళ్ల వీపులు అడ్డం రావు.

రెండోది, డప్పుకి మైకు కావాలి. గట్టిగా మోగుద్ది కాబట్టి అక్కర్లేదనేది అబద్ధం. మైకు లేని డప్పు నుంచి దూరానికి వెళ్లేది సిర్ర దెబ్బ గుమ్మనేది మాత్రమే. ఎడమ చేతి సిటికెన పుల్ల పలికే సన్న దరువు ముందు రెండు వరుసల ఒళ్లల్లోనే ఇంకిపోద్ది. మన విద్య అంతా ఉన్నది ఆ సన్న దరువులో. అది వినపడక మనది గోల అన్నారు. డప్పుకి మైకు పెట్టడమంటే దాన్ని గట్టిగా చేయడం కాదు, దాని విద్యని వినిపించడం. మృదంగానికి రెండు మైకులు అందుకే పెడతారు.

కానీ ఆరు డప్పులకి ఆరు మైకులు పెడితే ఇంకో చిక్కు. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచుకోగలిగే చప్పుడు 3 డెసిబెల్స్ తగ్గుద్ది. ఇక్కడే డిజిటల్ మిక్సర్ పనికొస్తది. ప్రతి మైకుకీ ఒక గేటు ఉంటది, డప్పు మోగనప్పుడు అదే మూసుకుంటది. ప్రతి మైకుకీ కూత వచ్చే చోటుని మాత్రం కోసే ఈక్వలైజర్ ఉంటది. పాత పద్ధతిలో ఇవన్నీ వేర్వేరు పెట్టెలు, బీరువా అంత ర్యాకు. 2000 తర్వాత మొదట్లో డిజిటల్ డెస్కులు పెద్ద రెంటల్ కంపెనీలకే దక్కేవి. 2012లో బెరింజర్ ఎక్స్32 లాంటివి వచ్చాక చిన్న బృందాలు, చిన్న అద్దె షాపులు కూడా తెచ్చుకునే పరిస్థితి వచ్చింది. ఇప్పుడు సంచిలో పట్టే మిక్సర్లు ఉన్నాయి, ట్యాబ్ మీద నడిపేవి. ట్యాబ్ పట్టుకుని ఆఖరి వరుసకి నడిచి వెళ్లి, అక్కడ విని, అక్కడే సరిచేయొచ్చు. సౌండు మనిషి చివరి వరుసలో నిలబడటం అనేది నా లెక్కలో చిన్న విప్లవం.

మూడోది చెవులు. నేల మీద పెట్టే మానిటర్ స్పీకర్లు డప్పుతో పోటీ పడి పెరుగుతూనే ఉంటాయి. 1995లో వాన్ హేలెన్ బృందం డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ చెవుల కోసం వాళ్ల సౌండు ఇంజనీరు జెర్రీ హార్వీ చెవిలో పట్టే మానిటర్లు చేసిచ్చాడు. బయటి చప్పుడు ఆగుద్ది, కావాల్సింది తక్కువ చప్పుడులోనే వినపడ్తది. మా చెల్లెమ్మ ఇప్పుడు అట్లాంటిదే, ఖరీదు తక్కువది, ఒక చెవికి పెట్టుకుని పాడుతోంది. రెండు గంటలు పాడినా గొంతు పోలేదు. మన బృందాల్లో ఆడవాళ్ల గొంతులు ఎందుకు ముందుగా ఆగిపోతున్నాయో ఎవరూ రాయలేదు. ఆ కథలో కొంత భాగం ఈ స్టేజీ చప్పుడుదే.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. బహిరంగ స్థలాల్లో మైకు వాడితే ఆ స్థలం హద్దు దగ్గర చప్పుడు చుట్టుపక్కల ప్రమాణం మీద 10 డెసిబెల్స్, లేదా 75 డెసిబెల్స్, ఏది తక్కువైతే అది దాటకూడదు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా డప్పు లాంటివి కూడా కొట్టొద్దని చెప్పింది, ప్రజలకి ఆపద వచ్చినప్పుడు తప్ప. ఆ మినహాయింపు చదివినప్పుడు నాకు చాటింపు గుర్తొచ్చింది. ఆపదలో ఊరిని లేపే పని ఇప్పటికీ డప్పుకే వదిలారు. అయితే ఈ నియమాలు మన సభ దగ్గరికి వచ్చినంత తొందరగా అన్ని ఉత్సవాల దగ్గరికీ రావు, అది మనకి తెలుసు. అందుకే చప్పుడు మన చేతిలో, కొలతతో ఉండాలి. మీటరు చూపించి మాట్లాడగలగాలి.

ఇక యంత్రం మన కళని చంపేస్తదనే మాట. బాబాసాహెబ్ 1945లో రాసిన "వాట్ కాంగ్రెస్ అండ్ గాంధీ హావ్ డన్ టు ది అన్‌టచబుల్స్" పుస్తకంలో గాంధీయిజం మీద ఒక అధ్యాయం ఉంది. యంత్రం మీద ఆయన వాదన సూటిగా ఉంటది. చెడు యంత్రంలో లేదు, దాని ఫలితాన్ని కొందరే దక్కించుకునే సమాజ ఏర్పాటులో ఉంది. ఒళ్లు హూనమయ్యే పని నుంచి మనిషికి తీరిక రావాలంటే, ఆ తీరికలో సంస్కృతి పెరగాలంటే యంత్రం కావాలి. యంత్రం వద్దు, పాత ఊరే ముద్దు అనే మాట ఆ పాత ఊళ్లో పైన కూర్చున్నవాళ్లకి బాగుంటది. వెట్టి డప్పు కొట్టినవాడికి ఏం బాగుంటది?

డిజిటల్‌తో ఇబ్బందులు లేవని నేను అనను. కరెంటు పోయి వస్తే పాత మిక్సర్ వెంటనే పలుకుద్ది, డిజిటల్‌ది కంప్యూటర్ కాబట్టి లేవడానికి టైము పడ్తది. చిన్న యూపీఎస్ తప్పనిసరి. వేలమంది ఫోన్ల మధ్య వైఫై తెగుద్ది, కాబట్టి ఒక నెట్‌వర్క్ కేబుల్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. దుమ్ము, ఎండ దానికి పడవు. ఇవన్నీ నేర్చుకుంటే పోయేవే.

నేర్చుకోకపోతే పోనిది ఒకటుంది. మైకు సెట్టు మోసింది మనవాళ్లు, స్తంభం ఎక్కి గొట్టం కట్టింది మనవాళ్లు, రాత్రి వైర్లు చుట్టింది మనవాళ్లు. మిక్సర్ ముందు కుర్చీలో కూర్చుంది మాత్రం ఎక్కువసార్లు వేరేవాళ్లు. ఎవరి గొంతు ఎంత వినపడాలో తేల్చేది ఆ కుర్చీ. డప్పుకి మైకు అక్కర్లేదని అన్నదీ ఆ కుర్చీయే. ఆ కుర్చీలో మన పిల్లలు, ముఖ్యంగా మన ఆడపిల్లలు కూర్చోవాలి. మిక్సర్ కొనలేని బృందాలు మూడు నాలుగు కలిసి ఒకటి కొనుక్కోండి. ప్రతి బృందం సెట్టింగులు వేర్వేరుగా దాన్లోనే దాచుకోవచ్చు. దాన్ని నడపడం ఇద్దరికి నేర్పండి, ఒక్కడికే నేర్పితే వాడు రాని రోజు మళ్లీ పాత కథే.

పెద్దలకి నా మనవి ఒక్కటే. డప్పు చప్పుడు ఎంత ఉండాలో ఇన్నాళ్లూ మనం తేల్చలేదు. ఇప్పుడు మన చేత్తో మనం తేల్చుకుందాం.

వచ్చే భాగంలో డీజే బాక్సులు, మన పెళ్లి ఊరేగింపులు, వాటిని ఆపే చేతుల గురించి మాట్లాడుకుందాం. మీ ఊరి మైకు సెట్టు కథలు ఉంటే రాయండి.

జై భీమ్.